ఫ్రెంచి గోరింటాకు

మొన్న రేపల్లెలో మా కోటిరత్నం పిన్నికి సన్మానం చేశారు. శాలువా కప్పారు, మెడలో బంతిపూల దండ వేశారు, మైకు ముందు గంటసేపు మాట్లాడారు. "ఫ్రెంచి సంస్కృతికి మన గడ్డ మీద సేవ చేసిన మహిళామణి" అన్నాడొకాయన. "రెండు సంస్కృతులకు వారధి" అన్నాడు ఇంకొకాయన. నేను బాపట్ల నుంచి పనిగట్టుకుని వెళ్ళి, ముందు వరసలో కూర్చుని పళ్ళు నూరుకుంటూ విన్నాను. వారధంట, వారధి! పిన్ని ఏం చేసిందో, ఎలా చేసిందో చెప్పిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. గోరింటాకు మాటే ఎత్తలేదు. ఇక నేనే చెప్పాలి కాబట్టి చెబుతున్నాను.

పిన్ని యానాం పిల్ల. గోదావరి పాయ పక్కన, ఫ్రెంచివాళ్ళ జెండా కింద పుట్టి, వాళ్ళ బడిలో చదువుకుంది. సుందరయ్య బాబాయిని చేసుకుని తెనాలి వచ్చింది. బాబాయి రైల్వేలో గూడ్సు గుమాస్తా, నోట్లో నాలుక లేని మనిషి. వాళ్ళ కాపురం గంగానమ్మపేటలో మా ఎదురిల్లు. వరసకు ఆమె నాకు పిన్ని కాదు, కానీ పేటంతటికీ పిన్నే. వచ్చిన కొత్తలో ఆమెను చూసి నవ్వని వాళ్ళు లేరట. కాఫీని గ్లాసులో కాకుండా గిన్నెలో పోసుకుని, రొట్టె ముంచుకుని తినేది. పొద్దున్నే ఎవరెదురైనా "బొంజూర్" అనేది. మొదట్లో దడుచుకున్న పాలవాడే కొన్నాళ్ళకు తనే ముందుగా బొంజూరని పాలు పోసేవాడు.

యాభై నాలుగులో యానాం నుంచి దొరలు వెళ్ళిపోయారు. "పీడా పోయింది" అనేవాడు మా నాన్న, వీధరుగు మీద కూర్చుని.

"దొరలు పోతే పోనివ్వండి అన్నయ్యగారూ, పాటేం చేసిందండి పాపం?" అనేది పిన్ని.

దానికి నాన్న విసనకర్ర గట్టిగా విసురుకునేవాడు.

ఆ పాటలు పిన్నికి నేర్పింది మదాం సిమోన్ అని ఒక ఫ్రెంచి పంతులమ్మ. పెళ్ళీ పెటాకులూ లేకుండా యానాంలోనే జుట్టు నెరిపించుకున్న మనిషి. తెలుగు మనలాగే మాట్లాడేదట. జెండా దిగినప్పుడు ఆమె పుదుచ్చేరి వెళ్ళిపోయింది. వెళ్ళేటప్పుడు పిన్ని చెయ్యి పట్టుకుని, "జెండా పోయినందుకు నాకు దిగుల్లేదు కోటిరత్నం. ఇన్నేళ్ళు మీకు పాటలు నేర్పాను. ఇక ఎవరు పాడతారు?" అందట. ఆ మాట పిన్ని మనసులో ముల్లులా ఉండిపోయింది. నేను పాడిస్తాను అని అప్పుడే అనుకుందట.

అనుకోవడం తేలిక. తెనాలిలో ఫ్రెంచి పాట నేర్చుకునేదెవరు? పెళ్ళికాని పిల్లల్ని పంపమంటే తల్లులు, "పెళ్ళి కావలసిన పిల్లకి దొరసానుల పాటలేంటి, నలుగురూ ఏమనుకుంటారు!" అని బుగ్గలు నొక్కుకున్నారు. పెళ్ళయిన వాళ్ళని అడుగుదామంటే వాళ్ళు అత్తారిళ్ళలో రోలుకీ పొయ్యికీ మధ్య తిరుగుతున్నారు. మగపిల్లల్ని అడిగితే ఈలలు వేశారు. అప్పుడు పిన్నికి ఆషాఢం కనిపించింది.

కొత్త పెళ్ళికూతురు ఆషాఢంలో అత్తగారింట ఉండకూడదు కదా. ఆ నెలంతా పుట్టింట్లోనే. వంట చేయబోతే అమ్మ వద్దంటుంది, బయటకు వెళ్ళబోతే నాన్న వద్దంటాడు. మొగుడి మీద బెంగ ఒకవైపు, మళ్ళీ వెళ్ళాలన్న బెంగ ఇంకొకవైపు. నా పెళ్ళి అరవై మూడులో. ఆ ఆషాఢంలో నేను తెనాలి వచ్చినప్పుడు గుమ్మంలో కూర్చుని కాలవ మీద వాన పడడం చూస్తూ ఉండేదాన్ని. అటు ఇంటిదాన్ని కాను, ఇటు ఇంటిదాన్నీ కాను. అదొక మగత. ఆ మధ్యాహ్నం పిన్ని వచ్చి, "ఏంటే శకుంతలా, అట్టా కూర్చున్నావు? రా, గోరింటాకు పెడతాను" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

పిన్ని పెరట్లో ఆ ఏడు పెళ్ళయిన పిల్లలం ఏడెనిమిది మందిమి చేరాం. ఆకు కోసింది మేమే, చింతపండు వేసి రుబ్బింది పిన్ని. అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు, పది వేళ్ళకీ టోపీలు. పెట్టడం అయ్యేసరికి మా చేతులు కట్టేసినట్టే. సాయంత్రం దాకా దేన్నీ ముట్టుకోవడానికి లేదు. అప్పుడు పిన్ని నవ్వుతూ, "చేతులు నావి అయిపోయాయి. నోరు మాత్రం ఖాళీగా ఉంది కదా, పాడండి" అంది.

మేం పాడకుండా ఎక్కడికి పోతాం? చేతులు చాపుకుని కూర్చున్న వాళ్ళకి ముక్కు దురద పెట్టి తీరుతుంది. అది బ్రహ్మ రాసిన రాత. గోకేది పిన్ని ఒక్కతే. ఊరికే గోకదు. "బొంజూర్, పిన్నీ" అని చక్కగా అనాలి. అంటే వచ్చి కొంగుతో ముక్కు రుద్దిపోతుంది. అనకపోతే ఎంత మెలికలు తిరిగినా చూడనట్టే ఉంటుంది. మంచినీళ్ళు కావాలంటే ఇంకో మాట, ఈగను తోలమంటే ఇంకోటి. గిన్నెలో కాఫీ పోసి, రొట్టె ముంచి నోట్లో పెట్టేది. అమ్మ కూడా నాకు అట్లా తినిపించి ఎన్నేళ్ళయిందో! ఆ పెరట్లో నేను ఎవరి కోడల్నీ కాను, ఎవరి కూతుర్నీ కాను. నాకు అంత హాయి అంతకుముందు తెలియదు, ఆ తర్వాతా తెలియలేదు.

నేర్పిన పాటల్లో నాకు ప్రాణమైంది రేవు పాట. ఏటి పైరేవులో బట్టలుతికే అమ్మాయిలు కింది రేవు అమ్మాయిల్ని పాటలో అడుగుతారు, "మా పాట మీ దాకా వచ్చిందా?" అని. కింది రేవు వాళ్ళు, "వచ్చింది, నీళ్ళ మీద వచ్చింది, ఇంకా తడిగా ఉంది" అని జవాబు పాడతారు. పిన్ని మమ్మల్ని రెండు జట్లు చేసి పెరటికి అటొక జట్టునూ ఇటొక జట్టునూ కూర్చోబెట్టేది. సన్నగా తుంపర పడుతుండేది. పచ్చి గోరింటాకు వాసన, గిన్నెల్లో కాఫీ వాసన. అర్థం తెలియని మాటలు అటూ ఇటూ తిరుగుతూ ఉంటే నాకు కళ్ళు మూతలు పడేవి. నిద్ర కాదు. యానాం ఏమో, గోదారి ఏమో, ఎప్పుడూ చూడని ఏ దేశపు ఏరో, అన్నీ ఆ పెరట్లోకి వచ్చినట్టుండేది.

జూలై పధ్నాలుగు ఫ్రెంచివాళ్ళ పండగ. ఆ సాయంత్రం పిన్ని వాకిట్లో రంగు కాగితాల లాంతర్లు వేలాడదీసేది. పేటంతా వచ్చి కూర్చునేది. ఎర్రగా పండిన చేతులతో మేం నిలబడి పాడేవాళ్ళం. "ఈ ఏడు ఫ్రెంచి గోరింటాకు బాగా పండిందే!" అని ముసలమ్మలు మెచ్చుకునేవాళ్ళు. మా నాన్న కూడా వచ్చేవాడు. వెనకాల స్తంభం చాటున నిలబడి, మేం చూడలేదనుకునేవాడు.

ఇదంతా ఎంత బాగున్నా ఏటికొక్క నెల ముచ్చటే. శ్రావణం రాగానే పిల్లలు వెళ్ళిపోతారు. మొదటి ఆషాఢం దాటిందంటే మళ్ళీ రారు. నేను బాపట్ల, కనకదుర్గ చీరాల పక్కన ఈపురుపాలెం, ఇంకొకతె రేపల్లె, మరొకతె నందివెలుగు. వచ్చే ఏడు పిన్ని పెరట్లో అన్నీ కొత్త ముఖాలే. అవసరం నాది, పాట వాళ్ళది కాదు అనుకునేది పిన్ని. "నీళ్ళ మీద రాత రాస్తున్నానేమో" అని బాబాయితో అనేదట. కానీ పుదుచ్చేరికి మాత్రం ప్రతి ఏడూ రాసేది, "మదాం, మీ పాట తెనాలిలో బతికే ఉంది" అని. ఆ రాతను తనే పూర్తిగా నమ్మేది కాదు.

అరవై తొమ్మిదిలో మదాం నుంచి కబురొచ్చింది. ముసలితనం మీద పడింది, సొంత దేశానికి వెళ్ళిపోతోంది. వెళ్ళే ముందు ఒక్కసారి యానాం చూసుకోవాలట. దారిలో జూలై పధ్నాలుగున తెనాలిలో దిగి, పిన్ని పిల్లల పాట విని, మర్నాడు యానాం వెళుతుంది. ఆ వెంటనే బొంబాయిలో ఓడ. ఒక్క రోజు కూడా అటూ ఇటూ కాదు. పిన్నికి కాళ్ళు నేల మీద ఆనలేదు. రంగు కాగితాలు కొంది, కొత్త గిన్నెలు కొంది, మాకందరికీ రండి రండి అని కార్డులు రాసింది.

రాసింది సరే, పంచాంగం చూసుకోలేదు మహాతల్లి! అన్నేళ్ళుగా ఆ తేదీ ఎట్లాగో ఆషాఢంలోనే పడుతూ వచ్చింది. పిన్ని లెక్కలో జూలై అంటే ఆషాఢం, ఆషాఢం అంటే జూలై. ఆ ఏడు అధిక ఆషాఢం వచ్చింది. నెల మొదలైనా పెళ్ళికూతురు ఒక్కతీ ఊళ్ళోకి దిగకపోయేసరికి పిన్ని హడలిపోయి పురోహితుడు వెంకటకృష్ణయ్యగారి దగ్గరకు పరుగెత్తింది.

"పిల్లలు ఇప్పుడెక్కడి నుంచి వస్తారమ్మా? ఇది అధికం. పిల్లల్ని పంపేది నిజ ఆషాఢంలో గదా" అన్నాడాయన.

"అది ఎప్పుడండి?"

"పదిహేనో తారీఖున మొదలు. పధ్నాలుగు అమావాస్య."

ఒక్క రోజు! ఒక్కటంటే ఒక్క రోజు తేడా. మదాం వెళ్ళిన పూట నుంచి పిల్లలు దిగడం మొదలెడతారు. పెళ్ళయి ఏళ్ళయిన మాలాంటి వాళ్ళమైనా వెళదామంటే, అమావాస్య ముందూ, ఆ పూటా ప్రయాణానికి కోడల్ని పంపే అత్తగారు గుంటూరు జిల్లాలో పుట్టలేదు. మా అత్తగారు వరమ్మగారు నాకొచ్చిన కార్డు చదివి వినిపించగానే ఒక్కటే మాట అంది. "అమావాస్య వెళ్ళేదాకా ఊరు కదిలితే నా మీద ఒట్టే." ఆమె మాట మా ఇంట్లో రాతి మీద గీత. నేను ఏడ్చి ఊరుకున్నాను.

పదకొండో తేదీన సుందరయ్య బాబాయి ఏదో రైల్వే పని మీద చీరాల వెళుతూ బాపట్లలో మా ఇంటికొచ్చాడు. మంచినీళ్ళు తాగి, చెంబు కింద పెట్టాడు.

"మీ పిన్ని అన్నం సరిగ్గా తినట్లేదమ్మాయ్" అన్నాడు. "లాంతర్లన్నీ విప్పేసింది. 'నా మాట నమ్మి ముసలామె వస్తోంది, వచ్చి ఖాళీ వాకిలి చూస్తుంది. ఇన్నేళ్ళూ అబద్ధాలు రాశాననుకుని ఓడెక్కుతుంది' అని ఒకటే ఏడుపు. నాకేం చెయ్యాలో తోచట్లేదు."

ఆయన అంత పొడుగు మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. నాకు దుఃఖం ఆగలేదు.

"ఏ బండిలో వస్తోందండి ఆవిడ?" అన్న మాట వంటింట్లోంచి వచ్చింది. మా అత్తగారు.

"మద్రాసు బండండి. పధ్నాలుగు తెలతెలవారుతుండగా చీరాల, ఆ తర్వాత ఇక్కడ, ఆపైన తెనాలి. ఇంజను పక్కన మొదటి తరగతి పెట్టె."

మా అత్తగారు కొంగుకు చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. "అయితే ఆవిడే ఇక్కడికొస్తోందిగా. ఇంక నువ్వెక్కడికో వెళ్ళడమెందుకే? ప్రయాణం వద్దన్నాను గానీ, ప్లాట్‌ఫారం వద్దన్నానా? స్టేషను ఊళ్ళోనేగా ఉంది!"

నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను.

"ఏంటి అట్టా చూస్తావు? ఆరేళ్ళ నుంచీ పప్పు రుబ్బినా అదే పాట, పెరుగు చిలికినా అదే పాట. ఆ దిక్కుమాలిన పాట నాకూ వచ్చేసింది" అని గయ్యిమంది. బాబాయి వైపు తిరిగి, "చీరాల పిల్లకి కూడా చెప్పి వెళ్ళండి అన్నయ్యగారూ. మీ ఆవిడతో మాత్రం అనకండి. జరిగినప్పుడు చూసుకుంటుంది" అంది.

ఆ పధ్నాలుగు తెల్లవారుజామున బాపట్ల స్టేషను వానకు తడిసి నల్లగా మెరుస్తోంది. మంచులాంటి తెల్లటి తుంపర పట్టాల మీద నిలబడి ఉంది. నేనూ, పిన్ని పెరట్లో పాడి బాపట్లలోనే మెట్టిన ఇంకో ఇద్దరు పిల్లలూ వచ్చాం. మా అత్తగారు అరిటాకులో ఏదో మూట కట్టి పట్టుకుంది. బండి ఆ తెల్లదనంలోంచి మెల్లగా వచ్చి ఆగింది. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. మాకు సిగ్గు ముంచుకొచ్చింది. కూలీలు చూస్తున్నారు. అయినా కళ్ళు మూసుకుని ఎత్తుకున్నాం, "మా పాట మీ దాకా వచ్చిందా?" అని, ఆ ఫ్రెంచి మాటల్లో.

ఒక కిటికీ పైకి లేచింది. దూదిలాంటి జుట్టు, ముడతల ముఖం, తడిసిన కళ్ళు. ఆమె నవ్వుతూ, వణికే గొంతుతో, "వచ్చింది, నీళ్ళ మీద వచ్చింది" అని జవాబు పాడింది. పాడి, తెలుగులో, "చీరాలలో కూడా పాడారమ్మా! ఒక నేతపని ముసలాయన కూడా పాడాడు!" అంది.

ఆ ముసలాయన ఎవరో నాకు వెంటనే తెలిసింది. ఈపురుపాలెం కనకదుర్గ మామగారు జమలయ్య. కోడలు మగ్గం మీద కూర్చుని ఆ పాటకే నూలు నాడె అటూ ఇటూ విసురుతుంటే, పక్క మగ్గం మీద ఆయనకీ వచ్చేసి ఉంటుంది. అర్థం ఆయనకీ తెలియదు, మగ్గానికీ తెలియదు.

నాకు వచ్చిన ఫ్రెంచి అంతా ఆ క్షణంలో ఎటో పోయింది. "బొంజూర్ మదాం" తప్ప ఏమీ రాలేదు. మా అత్తగారు నన్నొక్క తోపు తోసి అరిటాకు మూట చేతిలో పెట్టింది. విప్పితే మెత్తగా నూరిన గోరింటాకు! మదాం రెండు చేతులూ కిటికీ ఊచల మధ్య నుంచి బయటకు లాగి, అరచేతుల్లో చందమామలు అద్దాను, వేళ్ళకు టోపీలు పెట్టాను. వంకర టింకరగా వచ్చాయి, ఉన్న రెండు నిమిషాల్లో ఎంత అందం వస్తుంది! బండి కదిలింది.

"కదపకండి మదాం, తెనాలి దాకా ఆరనివ్వండి!" అని అరుస్తూ పక్కనే పరుగెత్తాను.

వెనక నుంచి మా అత్తగారు కేకేసింది. "ఏమేవ్, ముసలావిడకి ముక్కు దురద పెడితే ఎవరు గోకుతారే!"

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఊపిరంతా కూడదీసుకుని కిటికీకి చెప్పాను ఏమనాలో. విన్నదో లేదో తెలియదు. తెల్లటి తుంపరలోకి ఆ రెండు చేతులు అట్లాగే చాచుకుని వెళ్ళిపోయాయి.

ఇక తెనాలిలో జరిగింది నేను చూడలేదు. బాబాయి చూశాడు. ఎన్నిసార్లు చెప్పించుకున్నానో నాకే తెలియదు.

పిన్ని ప్లాట్‌ఫారం మీద ఒక్కతే నిలబడిందట, తలస్నానం చేసి, యానాంలో కట్టుకునే పాత నీలం చీర కట్టుకుని. చేతిలో ఒక్క పువ్వు కూడా లేదు. రాత్రంతా ఫ్రెంచిలో కూడబలుక్కున్న క్షమాపణ నోట్లోనే ఉంది. బండి ఆగింది. మదాం దిగింది. సామాను వెనకాల కూలీ మోస్తున్నాడు. ఆమె మాత్రం రెండు చేతులూ ముందుకు చాపుకుని, ఎవరికీ తగలనివ్వకుండా, చిన్నపిల్లలా జాగ్రత్తగా నడుచుకుంటూ వస్తోంది. పిన్ని ఆ చేతుల వైపు చూడలేదు. తల ఎత్తితే కదా చూడడానికి! నేల చూపులు చూస్తూ మొదలెట్టింది, "మదాం, నన్ను క్షమించండి. ఎవరూ రాలేదు. నేను నేర్పిందంతా..."

మదాం అదేమీ వినలేదు. ఎండి పగుళ్ళిచ్చిన గోరింటాకు చేతులు రెండూ పిన్ని కళ్ళ ముందుకు ఎత్తింది. ముఖం ముందుకు చాచింది. ఆషాఢం పిల్లలకు తప్ప ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియని మాట, అంత నెరిసిన జుట్టు మనిషీ తన శిష్యురాలితో అంది.

"బొంజూర్, పిన్నీ."

పిన్ని తలెత్తి ఆ చేతులు చూసిందట. వంకర చందమామల్ని చూసింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా కొంగు చివర పట్టుకుని, మదాం ముక్కు గోకింది.